మూడువందల పన్నెండో చెరువు

నా భార్య రోజూ సాయంత్రం ఒక గంట ఇంకొకరి చెరువు గట్టున తిరిగి ఇంటికి వస్తోంది. ఆ ఇంకొకరెవరో నాకు తెలియదు, ఆమెకూ తెలియదు. తెలిసిందల్లా అతని నంబరు, మూడువందల పన్నెండు. "అతని" అని ఎందుకంటున్నానంటే, ఓర్వలేని మనసుకు అవతలివాడు మగవాడే అయి తీరాలి. వయసు ముప్పై అయిదనీ, జుట్టు ఒత్తుగా ఉంటుందనీ, పొట్ట ఉండదనీ కూడా నేనే నిర్ణయించేశాను.

నా పేరు మురహరి. పార్కులు గీయడం నా ఉద్యోగం. ఇరవై ఆరేళ్లలో ఈ జిల్లా మున్సిపాలిటీలకు పదిహేడు పార్కులు గీశాను. ఒకదాని ఫొటో ఇంకోదాని కింద వేసినా ఎవరూ పోల్చుకోలేరని హైమ ఏడిపిస్తుంది. హైమ నా భార్య. విశ్వవిద్యాలయంలో మెదడు మీద పరిశోధన చేస్తుంది. ఈ గొడవంతా ఆమె కనిపెట్టిన కుర్చీ వల్లే వచ్చింది.

మా పట్నానికి తూర్పున గుర్రాల చెరువు ఉంది. దాని ఒడ్డున పార్కు కట్టాలని, ఎలా కట్టాలో జనాన్నే అడగాలని పైనుంచి ఆదేశం వచ్చింది. షామియానా వేశాం, మైకు పెట్టాం, మూడుసార్లు సభ జరిపాం. మైకు ఎవరి చేతికిచ్చినా ఒకటే మాట. "మీ ఇష్టం సారూ. మీరు సదువుకున్నోళ్లు, మంచిగనే జేస్తరు." సభ అయ్యాక అదే మనుషులు ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగుతూ, "మనల్నెవడు అడిగిండు? వాళ్ల ఇష్టం వాళ్లది" అనేవారు.

మూడో సభకు హైమ కూడా వచ్చింది. తిరిగి వస్తుంటే స్కూటర్ మీద వెనక నుంచి అంది: "ఏం కావాలో వీళ్ల మనసుకు తెలుసండీ. నోటికే రాదు. నోటిని పక్కన పెట్టి అడగాలి."

రెండేళ్లలో అడిగేసింది. చెరువు కట్ట మీద చిన్న డేరా, అందులో నీళ్లకు ఎదురుగా ఒక కుర్చీ. కూర్చున్నవాళ్ల తలకు సన్నని పట్టీ కడతారు. "ఇక్కడ మీకేం కావాలి?" అని ఒక్కసారి అడుగుతారు. జవాబు చెప్పక్కర్లేదు. పదకొండు నిమిషాలు ఊరికే కూర్చుంటే చాలు, పక్కనున్న గాజు బిళ్ల మెల్లగా రంగెక్కుతుంది. అరచేతిలో పట్టే ఆ బిళ్లను ల్యాబులో యంత్రానికి తగిలించి కళ్లద్దాలు పెట్టుకుంటే, ఆ మనిషి మనసులో ఉన్న చెరువు గట్టు మీద మనం నడవొచ్చు. బొమ్మ ఒక్కటే కాదు, ఆ మనిషికి అక్కడ కలిగేది మనకూ కలుగుతుంది. అయిదువందల బిళ్లలు కలిపితే ఊరందరికీ కావలసిన పార్కు తయారవుతుందని హైమ లెక్క. జనం దానికి మనసు కుర్చీ అని పేరు పెట్టారు. పేర్లు బయటపెట్టబోమని మాట ఇచ్చాం. ల్యాబులో నంబర్లే ఉంటాయి, పేర్ల పుస్తకం సీలు వేసి నా బీరువాలో పెట్టారు.

నేనూ కూర్చున్నాను. నా నంబరు నలభై ఒకటి. నా మనసులో ఆరడుగుల నడకదారి ఉంది, రెండు రంగుల టైల్స్ ఉన్నాయి, నీళ్లకు ఎదురుగా ఇరవై నాలుగు బెంచీలు ఉన్నాయి, "నీటిలో దిగరాదు" అని బోర్డు కూడా ఉంది. హైమ చూసి వచ్చి, "మీది చాలా శుభ్రంగా ఉందండీ" అంది. తిట్టినా బాగుండేది.

మిగతావాళ్లు మాత్రం ఏం పొడిచారు? నూట నలభై మందికి డైనోసార్ బొమ్మ కావాలి, ఎందుకంటే పక్క పట్నంలో ఉంది. తొంభై మందికి ఫొటోలు దిగడానికి గుండె ఆకారం కావాలి. ఆ నివేదిక చూసి నేను లోలోపల సంతోషించాను. ఆ తర్వాత మూడువందల పన్నెండు వచ్చింది.

ఆ రోజు హైమ చాయ్ చేతిలో పట్టుకుని చల్లారిపోయేదాకా అలాగే కూర్చుంది.

"ఒకసారి మీరు చూడాలి" అంది.

"ఏముంది అందులో?"

"ఏం లేదు. ఒక బెంచీ ఉంది. నీళ్లకు వీపు పెట్టి ఉంది."

"నీళ్లకు వీపా? చెరువు గట్టున నీళ్లు చూడకుండా ఏం చూస్తాడట? తిక్కవాడెవడో."

"అక్కడికి పోతే తెలుస్తది" అని చల్లారిన చాయ్ తాగింది.

మర్నాడూ వెళ్లింది, ఆ మర్నాడూ వెళ్లింది. పని అయిపోయాక ఒక గంట అక్కడ తిరిగి రావడం అలవాటైంది. వచ్చాక మొహం వెలిగిపోతూ ఉండేది. కూర తరుగుతూ కూనిరాగం తీసేది. పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో నా పదిహేడు పార్కుల్లో ఒక్కదానికీ ఆమె రెండోసారి రాలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఆ పుల్లకూర వండినవాడి మీద నాకు కడుపు మండిపోయింది.

దానికి తోడు, బిళ్లలు కలిపే పని మొదలయ్యాక ఇంకో వింత జరిగింది. మూడువందల పన్నెండు బలం ముందు మిగతావి ఆగలేదు. తెర మీద ఊరి పార్కులో బెంచీలన్నీ ఒక్కొక్కటే తిరిగి నీళ్లకు వీపు పెట్టేశాయి. కమిషనర్ చూసి మురిసిపోయాడు. "మురహరి గారూ, ఇట్లాంటిది మనకెందుకు తోచలేదండీ?" అన్నాడు. మనకు అన్నాడే గాని, నాకు అనే అర్థం.

ఒక మధ్యాహ్నం హైమ క్లాసులో ఉన్నప్పుడు ల్యాబుకు వెళ్లాను. నన్ను అక్కడ ఆపేవాళ్లు లేరు. బిళ్ల తగిలించి కళ్లద్దాలు పెట్టుకున్నాను.

చెరువు కట్ట ఎక్కుతున్నాను. వాన వెలిసిన సాయంత్రం, బొగ్గుల పొగ వాసన. కట్ట మీద మామూలు సిమెంటు బెంచీ, నా వైపు తిరిగి ఉంది. దాని మీద ఎవరూ లేరు. అయినా అక్కడి నుంచి ఎవరో నన్ను చూశారని తెలిసిపోయింది. నేను వస్తానని చూస్తూ ఉన్నారు, వచ్చాను, వాళ్లకు సంతోషమైంది. అంతే. అంతకుమించి ఆ చెరువులో ఏమీ లేదు. నేను అక్కడే నిలబడిపోయాను. నా రాకకు ఎవరైనా అంత సంతోషించి ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు.

కళ్లద్దాలు తీశాక ఇంకో సంగతి గుర్తొచ్చింది. పెళ్లయిన కొత్తలో హైమ బస్టాండులో నా కోసం నిలబడేది. సినిమా హాలు దగ్గర నిలబడేది. ఆఖరికి ఆమె పరిశోధనకు పట్టా ఇచ్చిన రోజున కూడా గేటు దగ్గర నిలబడింది, నేను టెండర్ పని మీద గంట ఆలస్యంగా వెళ్లాను. ఆమెను నిలబెట్టినవాడినే గాని, ఆమె కోసం నిలబడినవాడిని కాను. ఆ సంగతి వాడెవడో కనిపెట్టి, బెంచీ వేసుకుని కూర్చున్నాడు. సిగ్గూ కోపమూ ఒకేసారి వచ్చాయి. నేరుగా ఆఫీసుకు పోయి బీరువా తెరిచి, ఇచ్చిన మాటను, వేసిన సీలును చింపేశాను.

"312. బాలవ్వ. వయసు 62. మక్క కంకులు. గుర్రాల చెరువు కట్ట."

పెద్దగా నవ్వాను. పక్క గదిలోంచి అటెండర్ తొంగి చూశాడు. గుండె మీది నుంచి ముప్పై అయిదేళ్ల కుర్రవాడు దిగిపోయాడు. అయితే ఆ హాయి అయిదు నిమిషాలు కూడా నిలవలేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. చదువు, పట్టా, ఇరవై ఆరేళ్ల అనుభవం ఉన్న నా తల తన్నింది కంకుల బండి. మొగుడిగా కుళ్లుకోవడం ఆగిపోయి, పార్కులు గీసేవాడిగా కుళ్లుకోవడం మొదలైంది. ఇది ఇంకా ఘాటుగా ఉంది.

ఆ సాయంత్రమే కట్ట మీదికి వెళ్లాను. ఆమె దగ్గర కంకులు నేనూ ఎన్నోసార్లు తిన్నాను. కట్ట ఎక్కుతుండగానే "రా సారు, లేతయి ఏరి పెట్టిన" అని కేకేసేది. ఆ రోజు కేక లేదు. బండి దగ్గర కోడలు రేణుక కంకులు కాలుస్తోంది. బాలవ్వ పక్కన రాయి మీద కూర్చుని ఉంది. రోడ్డు వైపే మొహం ఉంది గాని, దేన్నీ చూడటం లేదు.

"అవ్వా, ఒంట్లో బాగాలేదా?"

"మంచిగనే ఉన్న సారు."

రేణుక విసనకర్ర ఆపింది. "ఏం మంచిగ సారు? ఆ కుర్సీల కూసున్నకాడికెల్లి గిట్లనే ఉంటుంది. ఎవలకు కారం ఎక్కువ రాయాలె, ఎవలకు నిమ్మకాయ వద్దు, అన్ని యాదికుండేటియి. గిప్పుడు గిరాకి వచ్చినా తల లేపదు. పొద్దున నేను లేసి వస్తే, ఎవలో వచ్చినట్టు సూస్తుంది నన్ను."

నేను బాలవ్వ పక్కన కూర్చున్నాను. "అవ్వా, ఆ రోజు కుర్చీలో ఏం జరిగింది?"

"ఏం జరుగుతది? కూసోమన్నరు, కూసున్న. కుర్సీ నీళ్ల దిక్కు ఉండె. నాకు తీరుగ అనిపియ్యలే. పట్టీ కట్టిన పిల్ల అటు పోంగనే ఇటు తిప్పుకున్న."

ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి. అయిదువందల మందిలో కుర్చీ తిప్పుకున్నది ఈమె ఒక్కతే.

"ఎందుకు తిప్పుకున్నవు?"

"ముప్పై ఏండ్ల సంది రోడ్డు దిక్కే మొకం పెట్టి కూసున్న. గిరాకి అటుకెల్లే గద వచ్చేది. నీళ్లల్లకెల్లి చేపలు వస్తయా కంకులు కొననీకె?"

"మరి చెరువు చూడవా?"

"చెరువు నా ఎన్కకుంటది. కట్ట ఎక్కంగనే నీళ్లు కనవడ్డయనుకో, వచ్చెటోళ్ల మొకం ఇట్ల విచ్చుకుంటది. గదే నా చెరువు. ఎవలు వస్తున్నా నాకు..." ఆగిపోయింది. పోగొట్టుకున్న వస్తువు పేరు కూడా గుర్తు రానట్టు చూసింది. "గిప్పుడేమనిపిస్తలేదు సారు. వస్తున్నరు, పోతున్నరు. గంతే."

నాకు అప్పుడు తట్టింది. చెరకు గడను యంత్రంలో పెడితే రసం గ్లాసులోకి పోతుంది, పిప్పి మిగులుతుంది. మనసు కుర్చీ చేసింది అదే. మర్నాడు ఇంకో పాతిక మందిని వెతికి అడిగాను. కుర్చీలో కోరుకున్నది అందరికీ పోయింది. అయితే డైనోసార్ వాళ్లకు రెండు రోజుల్లో మళ్లీ మొలిచింది, పక్క పట్నం ఫొటో ఫోన్లో చూడగానే. నా ఇరవై నాలుగు బెంచీలూ అలాగే, డ్రాయింగు తెరవగానే తిరిగి వచ్చి ఉంటాయి. అరువు తెచ్చుకున్న కోరిక మళ్లీ అరువు దొరుకుతుంది. బాలవ్వది సొంతం. ముప్పై ఏళ్లు పట్టింది దానికి.

పొద్దున ఉప్మా తింటుండగా హైమకు చెప్పాను. సీలు చింపిన సంగతితో సహా. ఆమె కోప్పడలేదు. చెంచాతో ఉప్మా ఇటూ అటూ నెట్టింది.

"నాకు అనుమానం ఉండె" అంది చివరికి.

"మరి చెప్పలేదేం?"

"చెప్తే బిళ్ల వాపస్ ఇయ్యాల్సి వస్తది కదా."

ఇవ్వడం కుదురుతుందట. బిళ్లను ఎదురు నడిపిస్తే ఉన్నదంతా తిరిగి ఆ మనిషిలోకే పోతుంది. బిళ్ల ఖాళీ అయిపోతుంది.

"కాపీ ఒకటి ఉంచుకోవచ్చుగా?"

"కాపీలో బొమ్మ వస్తది, ఎదురుచూపు రాదు. తీసి చూసిన."

తీసి చూసిందట! నాకు చెప్పకుండా, దాచుకోవడానికి.

హైమ నా మొహంలోకి చూసింది. "నిజం చెప్పండి. మీరు అడుగుతున్నది బాలవ్వ కోసమా, మీ ఇరవై నాలుగు బెంచీల కోసమా? ఆ బిళ్ల తీసేస్తే మీ డ్రాయింగే మిగులుతది కదా."

బాలవ్వ కోసమే అని నోటి దాకా వచ్చింది. అంత పెద్ద అబద్ధం ఉప్మాతో దిగదు.

"రెండూ" అన్నాను. "మూడోది కూడా ఉంది. నువ్వు రోజూ అక్కడికి పోవడం నాకు నచ్చట్లేదు. అక్కడి నుంచి వచ్చినప్పుడు ఉండే మొహం నా దగ్గర ఉండగా ఎప్పుడూ లేదు. కుళ్లుతో చస్తున్నాను."

హైమ లేచింది. పళ్లాలు తీస్తూ, "యాభై మూడేళ్లు వచ్చినంక కుళ్లుకున్నరు. ఏదో ఒకటి, నా మీదనే కదా" అంది. సింకు దగ్గర నుంచి వెనక్కి తిరగకుండానే, "ఇంకొక్క సాయంత్రం పోయి వస్త. తర్వాత ఇచ్చేద్దాం" అంది.

ఆ సాయంత్రం గంట కాస్తా రెండు గంటలైంది. నేను వాకిట్లో నిలబడి దారి చూశాను. దాన్ని ఎదురుచూడటం అంటారని అప్పుడు తోచలేదు, కోపం అనుకున్నాను.

ఆదివారం పొద్దున రేణుక బాలవ్వను ల్యాబుకు తీసుకొచ్చింది. హైమ కుర్చీని కిటికీ వైపు పెట్టింది. బాలవ్వ మాటా పలుకూ లేకుండా లేచి, కుర్చీని తలుపు వైపు తిప్పుకుని కూర్చుంది. మనసు పోయినా అలవాటు పోలేదు. హైమ పట్టీ కట్టింది, బిళ్ల తగిలించింది. మీట మీద వేలు పెట్టి కాసేపు ఆగింది. తర్వాత నొక్కింది.

బిళ్లలో రంగు అంచుల నుంచి తరగడం మొదలైంది. పదకొండు నిమిషాలు చూడలేక చాయ్ తెస్తానని బయటికి పోయాను. నాలుగు గ్లాసులు పట్టుకుని తలుపు తోసుకుని వస్తుంటే లోపలి నుంచి కేక వినిపించింది.

"వచ్చినవా సారు! గింత ఎండల పడి నువ్వెందుకు పోయినవు? దా, కూసో!"

బాలవ్వ మొహం విప్పారి ఉంది. ఆ బెంచీ దగ్గర ఎవరూ లేకుండానే నాకు తెలిసిన మొహం అది. ఇప్పుడు మనిషితో సహా నా ఎదుట ఉంది. రేణుక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. హైమ చేతిలో బిళ్ల నీళ్లలా తేటగా ఉంది. ఆమె బాలవ్వను చూసింది, నన్ను చూసింది. చాయ్ కోసం వెళ్లి వచ్చినందుకే నాకు దక్కిన ఆ పిలుపును చూసింది. ఈసారి కళ్లలో నిప్పులు పోసుకున్నది హైమ. వెంటనే గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

జరిగింది జరిగినట్టు ఆమె విశ్వవిద్యాలయానికి రాసిచ్చింది. కుర్చీకి తాళం పడింది, రెండేళ్ల పని మూలపడింది. వచ్చి మీ బిళ్లలు తీసుకొమ్మని ఊరందరికీ చాటింపు వేస్తే అరవై ఒక్క మంది వచ్చారు. మిగతావాళ్లు కొత్తవి పుట్టాయి, పాతవి మాకెందుకన్నారు.

మూడువందల పన్నెండు లేని పార్కులో డైనోసార్ ఒక్కటే మిగిలింది. కమిషనర్ దాన్ని చూసి నా డ్రాయింగు మీద సంతకం పెట్టాడు. గెలిచాను. పద్దెనిమిదో పార్కు. సంతకం చూస్తే మాత్రం నాలుక మీద సున్నం రాసినట్టు ఉంది. నేను నడిచి వచ్చిన చెరువు ఒకటుంది, దాని పక్కన నా డ్రాయింగు వెలవెలబోతోందని నా ఒక్కడికే తెలుసు.

మళ్లీ షామియానా వేయించాను. బాలవ్వను పిలిపించి మైకు చేతికిచ్చాను. "చెప్పవ్వా, పార్కు ఎట్లా ఉండాలి?"

ఆమె మైకును అటూ ఇటూ తిప్పి చూసింది. "మీ ఇష్టం సారూ. మీరు సదువుకున్నోళ్లు."

నాకు అరవాలనిపించింది. ఆమె మనసులో తిరిగి వచ్చిన మనిషిని నేను! మైకు ఆపించి, షామియానా విప్పించి పంపేశాను. ఆ సాయంత్రం నుంచి బండి పక్కన రాయి మీద కూర్చోవడం మొదలుపెట్టాను. ఏమీ అడగలేదు. ఆమె వచ్చేవాళ్లను పిలుస్తుంటే వింటూ, కంకులు తింటూ కూర్చున్నాను. మూడు రోజులకు దవడ పన్ను లేచి కూర్చుంది. నాలుగో రోజు కూలీలు బెంచీల కోసం ముగ్గుపిండితో గుర్తులు పెడుతుంటే, బాలవ్వ విసనకర్రతో అటు చూపించింది.

"అన్ని నీళ్ల దిక్కే పెడుతున్రా సారు?"

"అవును."

"ఒక్కటన్న ఇటు పెట్టున్రి. నీళ్లను సూసెటోళ్లు అందరే. వచ్చెటోళ్లను సూసెటోళ్లు ఒక్కలన్న ఉండొద్దా?"

పరుగెత్తుకుపోయి ముగ్గుపిండి గుర్తు చెప్పుతో చెరిపేశాను.

మళ్లీ వానాకాలం వచ్చేసరికి పార్కు తెరిచారు. ఇరవై మూడు బెంచీలు నీళ్ల వైపు, ఒకటి కట్ట ఎక్కే దారి వైపు. దాని మీద ఎవరూ కూర్చోలేదు. కాంట్రాక్టర్ తాగి పెట్టాడని ఊళ్లో చెప్పుకున్నారు. నా పదిహేడు పార్కుల్లో ఒక్క తప్పూ లేదు, ఈ తప్పు నాది అని చెప్పుకోవాలని నాలుక దురద పెట్టింది.

ఆ శనివారం హైమను అయిదున్నరకు రమ్మని, నేను నాలుగున్నరకే పోయి ఆ బెంచీ మీద కూర్చున్నాను. చేతిలో రెండు కంకులు. ఎక్కేవాళ్లందరూ నన్ను వింతగా చూస్తూ పోయారు. అయిదు నలభైకి కట్ట కింద నీలం గొడుగు కనిపించింది. గొడుగు మెల్లగా పైకి వస్తుంటే ఏం మొహం పెట్టాలో నాకు తెలియలేదు. ఆమెకు నీళ్లు కనిపించాయి. తర్వాత నేను కనిపించాను. గొడుగు కింద అడుగు ఒక్క క్షణం ఆగింది.

వచ్చి పక్కన కూర్చుంది. "ఎంతసేపయింది వచ్చి?"

"ఇప్పుడే."

"గంట దాటింది బిడ్డా!" అని బండి దగ్గర నుంచి బాలవ్వ అరిచింది. "ఆ కంకులు సల్లారితే రెండుమాట్ల ఎచ్చజేసిచ్చిన!"

హైమ ఒక కంకి తీసుకుంది. నాలుగు గింజలు ఒలిచి నోట్లో వేసుకుని, దారి వైపు చూస్తూ నమిలింది.

ఉండబట్టలేక అడిగాను. "అక్కడ ఉన్నట్టే ఉందా?"

పరిశోధన చేసే మనిషి కదా, ఊరికే మెప్పు మాట చెప్పదు. కళ్లు మూసుకుని, తెరిచి, బాగా ఆలోచించింది.

"లేదు. కొంచెం తక్కువే ఉంది" అంది.

ఒళ్లు మండింది. "ఎంత తక్కువ?"

"రేపు కూడా వచ్చి కూర్చోండి. చూసి చెప్త."

బాలవ్వ ఎవరినో పేరు పెట్టి పిలుస్తోంది, ఆ పిలిచినవాళ్లు నవ్వుతూ కట్ట ఎక్కుతున్నారు. ఆమెను చూసి ఇంకోసారి కుళ్లుకుని, రేపు నాలుగింటికే వచ్చి కూర్చోవాలనుకున్నాను.